భివండి సాంచెల్లో దొరికిన తుఫాను

భివండికి మనవాళ్లు పనికోసం వెళ్తారు, బట్టల బేరానికి వెళ్తారు, చుట్టాల పెళ్లిళ్లకు వెళ్తారు. నేను తుఫాను కోసం వెళ్లాను. నవ్వితే నవ్వండి గానీ, ముందు సంగతి వినండి.

హైదరాబాదులో కూకట్‌పల్లి దగ్గర ఒక చిన్న గదిలో కూర్చుని నేనూ వినోదూ కలిసి ఒక కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నాం. సముద్రపు దొంగల ఆట. ఓడ ఎక్కడం, తెరచాప ఎత్తడం, తుఫానులు దాటడం, ఎదుటివాడి ఓడ కొల్లగొట్టడం, అన్నీ ఉన్నాయి. కథా, చప్పుళ్లూ నావి. ఆటను నడిపించే ప్రోగ్రామంతా వినోద్‌ది. రెండేళ్ల కష్టం. ఆడినవాళ్లందరూ "బాగుంది" అంటారు, కాసేపటికి పక్కన పెట్టి చాయ్ తాగడానికి లేచిపోతారు. ఒకాయనైతే "ఓడ మీద ఉన్నట్టు లేదమ్మా, ఓడ బొమ్మ ముందు కూర్చున్నట్టుంది" అని మొహం మీదే అనేశాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఆటను విడుదల చేస్తామన్న సంస్థవాళ్లు ఆఖరుగా ఒక నెల గడువిచ్చారు. ఈసారి కూడా ఆడేవాళ్లు లేచిపోతే ఆట అటకెక్కినట్టే, మా జట్టు చెదిరిపోయినట్టే.

ఆ దిగుల్లో ఉండగా భివండి నుంచి సత్తెమ్మ అత్త ఫోన్ చేసింది. మా నాన్నకు చెల్లెలు. పెళ్లయి సిరిసిల్ల నుంచి వెళ్లి అక్కడే స్థిరపడింది. మల్లేశం మామకు నిజాంపురాలో మరమగ్గాల షెడ్డు ఉంది. మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. అత్త షెడ్డు గుమ్మంలో నిలబడి అరుస్తోంది, వెనక సాంచెలు మోగుతున్నాయి. నా కంప్యూటర్‌లో అప్పుడే తుఫాను దృశ్యం నడుస్తోంది. ఏం చెప్పను! ఆ మోత కలవగానే తెర మీది ఓడకు ఒక్కసారిగా బరువొచ్చింది. చెక్కలు విరుగుతున్నట్టు, ఓడ పొట్టలో మనమే చిక్కుకున్నట్టు అనిపించింది. వినోద్ గభాలున తలెత్తి "అదేం చప్పుడు?" అన్నాడు.

"మా అత్తమ్మ" అన్నాను. ఆ వారమే రైలెక్కాం.

ధామన్కర్ నాకా

కళ్యాణ్‌లో రైలు దిగి, షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని ధామన్కర్ నాకా అనే కూడలికి చేరేసరికి ఆకలి దంచేస్తోంది. బండి దగ్గర నాకొచ్చిన హిందీలో, కాస్త దర్జాగా, "భయ్యా, వడాపావ్ కైసా దియా?" అన్నాను. వడలు దేవుతున్న మనిషి తల కూడా ఎత్తకుండా "పదిహేను రూపాలు అక్కా, ఎల్లిపాయ కారం ఎక్కువెయ్యాల్నా?" అన్నాడు. జగిత్యాల ఆయనట. నా దర్జా అక్కడే దిగిపోయింది.

మన మిర్చిబజ్జీ తిన్నాక నోరు మండితే మంచినీళ్లు తాగుతాం. అక్కడ మండితే వేడి చాయ్ తాగమంటారు. కటింగ్ చాయ్ అని సగం గ్లాసు పోస్తారు. వడాపావ్ పక్కన పెట్టిన వేయించిన పచ్చిమిర్చిని వినోద్ బీన్స్‌కాయ అనుకున్నాడో ఏమో, మొత్తం నోట్లో పెట్టుకున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే చాయ్ మీద చాయ్ తాగాడు. ఆ స్థితిలోనూ రికార్డర్ మాత్రం ఆపలేదు. ఆటోల హారన్లు, నూలు మూటల టెంపోలు, "బాజూ, బాజూ" అంటూ పక్కకు తప్పుకోమనే తోపుడు బండ్లవాళ్లు, ఒకరి మాట ఇంకొకరికి పట్టని గోల.

"మానసా, మన రేవు ఇట్లుండాలె" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "మన ఆటల ఓడ దిగంగనే అందరు మనకోసమే నిలబడ్డట్టు ఉంటరు. ఇక్కడ చూడు, మనల్ని ఎవ్వడన్న పట్టించుకుంటున్నడా? ఎవని పని వానిది. గట్లయితేనే అది ఊరు."

నా మనసంతా సాంచెల మీదే ఉంది. "తర్వాత చూద్దాంలే" అని ఆటో పిలిచాను.

నిజాంపురా

అత్త ఇల్లు షెడ్డుకు ఆనుకునే ఉంది. గోడ మీద చెయ్యి పెడితే లోపలి సాంచెల అదురు అరచేతికి తెలుస్తుంది. అక్కడ చెంబులోని నీళ్లు కూడా ఊరికే ఉండవు, సన్నగా వణుకుతూనే ఉంటాయి. నేను ఆనందం పట్టలేక చెంబు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఓడ గదిలో దీపం ఎలా ఉండాలో, గిన్నెలో గంజి ఎలా ఉండాలో ఆ చెంబే చెప్పేసింది. మా ఆటలో గిన్నెలు నేలకు మేకులు కొట్టినట్టు ఉంటాయి మరి!

"ఏందే, నీళ్లెప్పుడు చూడలేదానే?" అంది అత్త.

ఆ ఇంట్లో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడరు. ఏళ్ల తరబడి సాంచెల మధ్య బతికిన గొంతులవి. ఉప్పు అందియ్యమన్నా పోట్లాడుతున్నట్టే ఉంటుంది. మొదటి పూట వినోద్ పాపం, ఇంట్లో ఏదో గొడవ జరుగుతోందని బయటికెళ్లి నిలబడ్డాడు. గుట్టు మాట అనేది అక్కడ సాగదు. అత్త నన్ను వంటింట్లోకి లాగి, తన లెక్కలో చెవిలో చెప్పినట్టుగా, "గీ పోరడు ఎవలే?" అని అడిగింది.

"నాతో పని చేస్తడత్తా."

"ఉత్త పనేనా?"

అవతలి గదిలో వినోద్ దగ్గు వినపడింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

భోజనంలో సర్వపిండి, పచ్చిపులుసు, పక్కన పొద్దుటి పావ్. పావ్‌ను పచ్చిపులుసులో ముంచుకుని తింటారు మావాళ్లు! నేను మొహం చిట్లించాను గానీ, నాలుగు తిన్నాక ఐదోదానికి నేనే చెయ్యి చాపాను. సిరిసిల్లలో ఎవరికైనా చెప్తే నమ్మరు.

కాల్హేర్

మర్నాడు మామ బట్టల తాన్లను కాల్హేర్ గోదాముకు పంపుతుంటే మేమూ టెంపో ఎక్కాం. ఒకప్పుడు ఊరంట అది. ఇప్పుడు ఎటు చూసినా రేకుల గోదాములు, వాటి ముందు బారులు తీరిన లారీలు. వానాకాలం మొదలయ్యే రోజులు. దగ్గర్లోని ఖాడీ మీదుగా గాలి రయ్యిన కొడుతోంది. సముద్రపు నీరు లోపలికి పొడుచుకొచ్చిన పాయను అక్కడ ఖాడీ అంటారు.

ఒక లారీ మీద హమాలీలు తాడ్‌పత్రి కప్పుతున్నారు. ఆ పట్టా గాలికి లేచి ఫట్ ఫట్‌మని కొట్టుకుంటుంటే నా గుండె అంతకన్నా గట్టిగా కొట్టుకుంది. నాకు కావలసిన తెరచాప అదే! నేను పరుగెత్తుకెళ్లి మైకు పైకెత్తి పట్టుకున్నాను. హమాలీల్లో సాయన్న అని నిజామాబాద్ దిక్కు మనిషి ఉన్నాడు. నన్ను చూసి పైనుంచి అరిచాడు.

"ఓ మేడం, టీవీలొస్తదా ఇది?"

"ఆటల వస్తదన్నా!"

"మరి ఊకె నిలబడ్డరేంది, తాడు పట్టుండ్రి!"

తాడు చివర మా మీదికి విసిరాడు. నేనూ వినోదూ పట్టుకున్నాం. గాలి ఒక్క ఊపు ఊపింది. నా చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది, వినోద్ ఏకంగా బురదలో కూర్చున్నాడు. లారీ మీద నుంచి ఒకటే నవ్వులు. సాయన్న "హైలెస్సా" అని గొంతెత్తితే మిగతావాళ్లు అందుకున్నారు, మేమూ అందుకున్నాం. గాలి వదిలినప్పుడు లాగుతున్నాం, బిగిసినప్పుడు ఊపిరి బిగబట్టి ఆగుతున్నాం. మా ఆటలో ఒక మీట నొక్కితే చాలు, తెరచాప సిగ్గులేకుండా పైకి లేచి నిలబడుతుంది. చేతికి ఎదురు తిరగని తెరచాప తెరచాపే కాదు. అరచేతులు ఎర్రగా కమిలిపోయినా నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

తిరిగొచ్చే ముందు చెప్పు కడుక్కుందామని ఖాడీ ఒడ్డుకు వెళ్లాం. నీళ్లు వెనక్కి తగ్గి, ఒక పడవ బురదలో కూరుకుపోయి ఉంది. కొందరు మోకాళ్ల దాకా దిగి దాన్ని నీళ్లలోకి తోస్తున్నారు. వినోద్ అక్కడే నిలబడిపోయాడు.

"మన ఆట ఇక్కడ మొదలు కావాలె" అన్నాడు. నిజంగానే అతని కళ్లు మెరుస్తున్నాయి. "నడి సముద్రంల కాదు. గిట్ల బురదల ఇరుక్కున్న పాత ఓడ. దాన్ని తోసుకుంటనే మొదలుపెట్టాలె."

"దొంగల ఓడ బురదలో మొదలైతే ఎవరు ఆడతారు వినోద్? తర్వాత చూద్దాం, టెంపో వెళ్లిపోతుంది పద" అన్నాను. అతను పడవ వంక ఒకసారి తిరిగి చూసి టెంపో ఎక్కాడు. నేనేమో దారి పొడవునా తాడ్‌పత్రి చప్పుడే వింటూ కూర్చున్నాను.

సాంచెల మధ్య

అసలు పని మూడో రోజు. షెడ్డులోకి అడుగు పెట్టగానే మోత చెవులకు కాదు, ఛాతీకి తగిలింది. అడ్డపోగును మోసే నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు దూసుకుపోతూ నూలును అల్లుతోంది. వరసగా సాంచెలు, వాటి మధ్య సన్నని దారి, ఆ దారిలో బనియన్ల మీద తిరుగుతున్న మనుషులు. ఒక్కరి మాట వినపడదు. అయినా అందరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు!

చేతులతో. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది. పొట్ట మీద గుండ్రంగా రాస్తే సేఠ్ వస్తున్నాడు. అంటే మా మల్లేశం మామే. ఆయనకు ఆ సైగ తెలుసు, తెలియనట్టు ఉంటాడు. నేను వినోద్ భుజం పట్టి ఊపేశాను. మా ఆటలో తుఫాను మధ్యలో కూడా కళాసీలు పద్ధతిగా, పొల్లు పోకుండా మాట్లాడుకుంటారు. తెర మీద అక్షరాలు కూడా పడతాయి. అంత గాలిలో మాట ఎలా వినపడుతుంది? సైగలు ఉండాలి! కెప్టెన్ రాగానే పొట్ట మీద రాసే సైగ ఉండాలి! ఆడేవాడు ఆ భాష మెల్లగా తనే నేర్చుకోవాలి!

నేను మైకు పెట్టి ఒక మూల కూర్చున్నాను. అవతలి కొసన మామ, వినోద్ చెవిలో నోరు పెట్టి ఏదో అడుగుతున్నాడు. వినోద్ కూడా ఆయన చెవిలో నోరు పెట్టి, గొంతు చించుకుని జవాబు చెప్తున్నాడు. ఇంతలో సాంచెల గొంతు మారింది. మోత అలాగే ఉంది గానీ కాస్త బరువుగా, సాగదీసినట్టు. షెడ్డులో చెవుల్లో అరుచుకుంటున్నవాళ్ల నోళ్లన్నీ టక్కున మూతపడ్డాయి. మామ కూడా అరచెయ్యి పైకెత్తాడు. కరెంటు పోబోతోందని వాళ్లందరికీ తెలిసింది, మా వినోద్‌కు తెలియలేదు.

"వచ్చే నెల బెంగళూరు పోతున్న మామా! ఉద్యోగం దొరికింది! మానసకు ఇంకా చెప్పలే!"

ఆఖరి మాటలకు కరెంటు పోయి సాంచెలన్నీ ఆగిపోయాయి, షెడ్డులో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అందరూ వినోద్‌ను చూశారు. తర్వాత అందరూ నన్ను చూశారు. గుమ్మంలో ఉన్న అత్త "అయ్యో పోరీ" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఒకాయన పక్కవాడిని "లగ్గం తప్పినట్టేనా?" అని అడిగాడు. షెడ్డంతా గొల్లుమంది.

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ప్రోగ్రామంతా అతని చేతుల్లో ఉంది. అతను పోతే నెల గడువు కాదు కదా, ఏడాది ఇచ్చినా ఆట లేదు. రెండేళ్లు పక్కన కూర్చున్న మనిషి ఈ ముక్క నాకు చెప్పకుండా మా మామకు చెప్తాడా!

అయితే నిజం చెప్పాలి. ఆ కోపంలోనే నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇది కదా నాకు కావలసింది! తుఫాను హోరులో కళాసీలు తిరుగుబాటుకు మాట్లాడుకుంటారు. గాలి గొంతు మారుతుంది. అది పసిగట్టినవాడు నోరు మూసుకుంటాడు, పసిగట్టనివాడి మాట తిన్నగా వెళ్లి కెప్టెన్ చెవిలో పడుతుంది. ఆడేవాడు చెవులు రిక్కించుకుని కూర్చోవాలి, చాయ్‌కు లేవడం కల్ల. ఏడవాలో ఎగరాలో తెలియని స్థితి నాది.

"మానసా, నేను చెప్దామనే..." అంటూ వచ్చాడు వినోద్.

"ఇది తయారుచెయ్" అన్నాను. "పోయేవాడివి పోదువుగానీ, ముందు ఇది తయారుచెయ్." గాలి పడిపోయే దృశ్యమంతా గడగడా చెప్పేశాను. అతను తల దించుకుని లాప్‌టాప్ తెరిచాడు. ఆ పూటా, మర్నాడూ మా మధ్య పని మాటలు తప్ప మాటల్లేవు.

శుక్రవారం

శుక్రవారం అత్తవాళ్ల సాంచెలకు సెలవు. చెంబులో నీళ్లు కదలకుండా ఉన్నాయి. అంత నిశ్శబ్దానికి మామకు తోచక ఇంట్లో ఇటూ అటూ తిరుగుతున్నాడు. వినోద్ దృశ్యం పూర్తిచేశాడు. ఎవరైనా ఆడి చూడాలి. ఆటల మొహం ఎరగని మనిషైతే ఇంకా మంచిది.

"అత్తా, ఓడ నడుపుతవా?"

"నడపకేం, సాంచెలు నడిపిన చెయ్యి" అని అత్త కొంగు దోపుకుని కూర్చుంది.

కాసేపు ఓడ గుండ్రంగా తిరిగింది. రెండుసార్లు రాళ్లకు తగిలింది. మామ వెనక నుంచి "ఎడమకు, ఎడమకు" అని అరిస్తే "నువ్వు గమ్మునుండు" అని అత్త అరిచింది. తర్వాత తుఫాను మొదలైంది. వాళ్ల షెడ్డు మోతే, వాళ్ల తాడ్‌పత్రే, కానీ అత్తకు అవేవీ గుర్తు రాలేదు. మనిషి ముందుకు వంగిపోయింది. తెరచాప తాడు లాగుతుంటే తన పళ్లు కూడా బిగిసుకున్నాయి. కళాసీ ఒకడు పొట్ట మీద చెయ్యి రాయగానే "నన్నే అంటున్నడు దొంగముండకొడుకు!" అంది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఒక్క క్షణం కూడా ఆమె మా వంక చూడలేదు.

గాలి గొంతు మారింది. అత్త చప్పున చెయ్యెత్తి మామను ఆపింది. గాలి పడిపోయింది. ఆ నిశ్శబ్దంలో కెప్టెన్ కుడిభుజమైన సరంగు మాట స్పష్టంగా వినపడింది. "వచ్చే రేవులో నేను దిగిపోతున్నా. కెప్టెన్‌కు ఇంకా చెప్పలేదు."

ఆ మాటలు వినోద్ రాశాడు. నేను వినడం అదే మొదటిసారి.

తెర మీద మూడు దారులు కనిపించాయి. సముద్రంలో తోసెయ్, గొలుసులు వెయ్, దీవిలో వదిలెయ్. అవి ఎప్పుడో నేను రాసినవే. అత్త మూడింటినీ కూడబలుక్కుంటూ చదివింది, మళ్లీ చదివింది. ఆ ఇంట్లో అంత మెల్లగా ఎవరైనా మాట్లాడడం నేను అప్పుడే విన్నాను.

"ఎందుకు పోతున్నవని అడిగేది ఏది?" అంది.

"అది లేదత్తా" అన్నాను.

"గట్లెట్ల లేదు? సాంచె మీది మనిషి పోతనంటే మీ మామ ఏం చేస్తడు? నాకా దాంక తీస్కపోయి, చాయ్ తాపిచ్చి, ఎందుకురా అని అడుగుతడు. ఉంటే ఉంటడు, పోతే పోతడు. అడగకుంటనే నీళ్లల్ల తోస్తరా ఎవలన్న?"

మామ తలూపాడు. వినోద్ కీబోర్డు వంక చూస్తున్నాడు. షెడ్డులో ఆ మాట విన్నప్పటి నుంచి నేను అతన్ని తిట్టుకున్నాను, పని చెప్పాను, మొహం తిప్పుకున్నాను. ఆ ఒక్కటీ మాత్రం అడగలేదు.

"ఎందుకు పోతున్నవ్ వినోద్?"

అతను లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. కాసేపు టకటకా కొట్టి మళ్లీ అత్త ముందుకు జరిపాడు. నాలుగో దారి వచ్చింది: ఎందుకని అడుగు. అత్త దాన్ని నొక్కింది. సరంగు తల ఎత్తాడు. అత్త ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి పైకి చదివింది.

"ఇన్నేళ్లలో... ఒక్కసారైనా... నన్ను చుక్కాని పట్టనిచ్చావా?"

ఈ ప్రయాణంలోనే నేను ఎన్నిసార్లు "తర్వాత చూద్దాం" అన్నానో ఒక్కొక్కటే నాకు వినపడింది. సిగ్గేసింది. కళ్లు తుడుచుకుని "బురదలోనే మొదలుపెడదాం" అన్నాను.

"నన్ను ఆపుదామని అంటున్నవా?" అన్నాడు వినోద్.

"ఆపుదామని కూడా. కానీ అత్తను చూడు. తాడు లాగినకొద్దీ ఓడ ఆమెది అయిపోయింది. బురదలోంచి తోసినవాడు దాన్ని వదిలి చాయ్‌కు పోడు. ఆ రోజే నాకు తట్టాల్సింది."

అత్త మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత తన మామూలు గొంతుతో, వీధి చివరి దాకా వినపడేలా, "పట్టనియ్యే పోరీ! ఏం పోతది?" అని అరిచింది.

పట్టనిచ్చాను. హైదరాబాదు రాగానే వినోద్ బెంగళూరువాళ్లకు రావట్లేదని చెప్పేశాడు. ఆటను ఆ సంస్థవాళ్లకు చూపించే రోజు ఇంకా రాలేదు, ఏమవుతుందో తెలియదు. ఇది రాస్తుంటే అతను నా ఎదురు బల్ల దగ్గర కూర్చుని బురద తయారుచేస్తున్నాడు. చాలా మంచి బురద.